గోపాల్‌పూర్ చెమ్మగది, బరంపురం పట్టువీధి

సముద్రం ఎదురుగా కూర్చుని రవీంద్రుడి (టాగోర్) నవల ‘ఘరే బాయిరే’ మళ్ళీ చదవాలని నా ముచ్చట. అందుకని మొదటి రాత్రి గోపాల్‌పూర్‌లో దిగాం. ఒడిశాలోని బరంపురం స్టేషన్ నుంచి ఆటోలో అరగంట పైమాటే. లైట్‌హౌస్, పాత రేవు తాలూకు మొండి స్తంభాలు, పొద్దుటి ఇసుక... వంక పెట్టలేం. గదికి మాత్రం పెట్టొచ్చు. గోడల నిండా చెమ్మ, ఆరని బట్టలాంటి దుప్పటి. సముద్రం కనబడే గదని ఎక్కువ పుచ్చుకున్నారు. కొబ్బరిమట్టల సందుల్లోంచి నాలుగు కెరటాలు కనబడ్డాయి.

మర్నాడు బరంపురం ఊళ్ళోకి మారిపోయాం. లాడ్జిలో సగం డబ్బుకే పొడి పక్క. రాత్రంతా హారన్లు, అది వేరే సంగతి. కింద హోటల్లో తెలుగులో అడిగితే తెలుగులోనే ఇడ్లీ.

ఆ నవల చదవాల్సింది కూడా ఇక్కడేనేమో. 1905లో బ్రిటిష్‌వాళ్ళు బెంగాల్‌ను రెండు ముక్కలు చేస్తే (వంగ విభజన) రాఖీలు కట్టించి, స్వదేశీ పాటలు కట్టిన మనిషి రవీంద్రుడు. తర్వాత ఉద్యమం తీరు నచ్చక పక్కకు తప్పుకున్నాడు. 1916లో పుస్తకంగా వచ్చిన ఈ నవలలో స్వదేశీ నాయకుడు సందీప్ దేశాన్ని దేవతను చేసి ఊగిపోతాడు. జమీందారు నిఖిలేశ్ తన సంతలో విదేశీ సరుకు ఆపనంటాడు, అందరిచేతా మాటలు పడతాడు. రచయితకూ అదే అయింది. ఆ ఏడే జపాన్ వెళ్ళి జాతీయవాదాన్ని ఏకిపారేస్తే, హారతులు పట్టినవాళ్ళే మొహం చాటేశారు.

పట్టుచీరల వీధిలో ఓ పెద్దాయన మగ్గం దగ్గర కూర్చున్నాం. ఒడిశా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అందాకా ఈ ఊరు మద్రాసు కిందే. “మా తాత మద్రాసోడు, మా అయ్య ఒడిశావోడు. ఇల్లు మాత్రం మారనేదు బాబూ” అన్నాడు. నవల్లో పంచూ అనే పేద రైతు అప్పు చేసి తెచ్చిన సీమగుడ్డ తగలెట్టమని వేరే జమీందారు హుకుం చేసిన ఘట్టం చెప్పాను.

“మరి డబ్బులిచ్చాడా?” అన్నాడు వెంటనే.

పంచూ అన్నదీ అదే: డబ్బున్న మారాజులు, మీరే కొని తగలెట్టుకోండి అని. దానికి జరిమానా వేశారు.

పెద్దాయన చాలాసేపు నవ్వాడు. చీర దగ్గర మాత్రం వంద కూడా తగ్గలేదు.