సీరియల్‌లో గే జంట: పట్టించుకోకపోవడమా, కష్టాల్లో ముంచడమా, ఏది మేలు?

సీరియల్లో గే జంటని ఇష్టపడ్డవాళ్లకి బాధ రెండు వైపుల నుంచీ వస్తుంది. నెలల తరబడి ఆ ఇద్దరూ తెర మీద కనిపించరు. తీరా కనిపించాక, వాళ్ల నెత్తిన రుద్దిన కథ చూస్తే కనిపించకపోయినా బాగుండేదే అనిపిస్తుంది. పదేళ్లు, పదిహేనేళ్లు గడిచినా కొన్ని ట్రాకుల మీద నాకు కోపం తగ్గలేదు. అందుకే అమెరికా, బ్రిటన్ సీరియళ్లలో బాగా పేరున్న జంటలని పక్కపక్కన పెట్టి, ఎవరి కథ ఎక్కడ చెడిందో, ఎవరిది నిలబడిందో చూడాలనుకున్నాను.

ముందు ల్యూక్, నోవా. 1956 నుంచి 2010 దాకా నడిచిన ఆజ్ ది వరల్డ్ టర్న్స్‌లో 2007 ఆగస్టు 17న వీళ్లు ముద్దు పెట్టుకున్నారు. అమెరికా పగటి సీరియళ్లలో ఇద్దరు మగవాళ్ల మధ్య అదే మొదటి ముద్దు. సెప్టెంబర్‌లో ఇంకొకటి. ఆ తర్వాత 2008 ఏప్రిల్ దాకా మరొకటి లేదు. ఈ మధ్యలో వాళ్లేమీ విడిపోలేదు, కథలో ప్రేమికులుగానే ఉన్నారు. అదే సీరియల్లో మిగతా జంటలు మాత్రం ఎప్పటిలాగే పడకగదుల్లో కనిపిస్తూనే ఉన్నాయి.

2007 క్రిస్మస్ సీన్ చూస్తే సంగతి మొత్తం అర్థమవుతుంది. తలుపు పైన మిసిల్‌టో కొమ్మ కట్టి ఉంటుంది. దాని కింద నిలబడ్డ ఇద్దరు ముద్దు పెట్టుకోవడం ఆనవాయితీ. ల్యూక్, నోవా దాని కిందికి వస్తారు, ఒకరి మీదికి ఒకరు వంగుతారు. సరిగ్గా అప్పుడు కెమెరా వాళ్లని వదిలేసి పైకి లేచి ఆ కొమ్మని చూపిస్తుంది. ముద్దు పెట్టుకున్నారని మనమే అనుకోవాలి. ఆ సీనే రాయకపోతే ఇంత బాధ ఉండేది కాదు. రాసి, తీసి, చివరి క్షణంలో మొహం తిప్పుకున్నారు.

అలాగని వీళ్లకి సంఘటనలు తక్కువేం కాదు. నోవా తండ్రి మిలిటరీ కల్నల్. ఆయన తుపాకీతో కాల్చడంతో ల్యూక్ కొన్నాళ్లు చక్రాల కుర్చీకి అతుక్కుపోయాడు. తర్వాత బాణాసంచా పేలి నోవాకి చూపు పోయింది. ఇద్దరూ ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని ఏం మాట్లాడుకుంటారో, ఎవరికి ఎందుకు అలక వస్తుందో మాత్రం మనకి తెలియదు. దెబ్బలు బోలెడన్ని రాశారు, ప్రేమని రాయలేదు.

డేస్ ఆఫ్ అవర్ లైవ్స్‌లో విల్, సోనీల లెక్క వేరు. మొదట వాళ్లకి మంచి కథే దక్కింది. తాను గే అన్న నిజాన్ని విల్ ఒప్పుకోవడానికి పట్టిన సమయం, మానసిక వైద్యురాలైన అమ్మమ్మ మార్లీనా వాడికి అండగా నిలబడ్డ తీరు, ఇవన్నీ నిదానంగా, ఓపికగా నడిచాయి. విల్‌గా చేసిన చాండ్లర్ మాస్సీకి 2012 నుంచి వరసగా మూడేళ్లు పగటి సీరియళ్లకిచ్చే డేటైమ్ ఎమ్మీ అవార్డు వచ్చింది, అది ఊరికే రాలేదు. 2014 ఏప్రిల్‌లో ఇద్దరికీ పెళ్లయింది. అమెరికా పగటి సీరియళ్లలో ఇద్దరు మగవాళ్ల పెళ్లి అదే మొదటిది. అప్పటికి విల్ పాత్రలోకి వేరే నటుడు వచ్చాడు.

పెళ్లయి ఏడాది తిరక్కుండానే విల్ వెళ్లి పాల్ అనే బేస్‌బాల్ ఆటగాడితో పడుకున్నాడు. ఆ పాల్ ఎవరో కాదు, సోనీ పాత ప్రేమికుడే. సంసారంలో తప్పులు జరగకూడదని నేననను, సీరియల్ అన్నాక జరుగుతాయి. కానీ అంత ఇష్టపడి కట్టుకున్నవాడు ఎందుకు దారి తప్పాడో ముందు నుంచి ఎక్కడైనా ఒక్క విత్తనం వేశారా? లేదు. పాల్‌ని కథలోకి లాగాలి, దానికి విల్ చెడ్డవాడు కావాలి, అంతే. సోనీ పారిస్ వెళ్లిపోయాడు. 2015 అక్టోబర్‌లో బెన్ అనే హంతకుడు విల్ గొంతు నులిమేశాడు. 2017లో విల్ చావలేదంటూ వెనక్కి తెచ్చారు, అదీ గతం మరిచిపోయినవాడిగా. పైగా సోనీని కాదని పాల్ వైపు మొగ్గేవాడిగా. ఆ తర్వాత మెదడులో ట్యూమర్.

పట్టించుకోకపోవడం, కష్టాల్లో ముంచడం, ఈ రెండిట్లో ఏది నయం అంటే, చంపేదాకా వెళ్లనంత వరకు నేను రెండోదే అంటాను. చెడ్డ కథలో కూడా నటులకి ఏడవడానికో అరవడానికో ఒక సీను దొరుకుతుంది, మంచి నటుడు అందులోంచే ఏదో ఒకటి పిండుతాడు. కెమెరా మొహం తిప్పుకున్న చోట ఎంత గొప్ప నటుడైనా చేయగలిగేది లేదు. విల్, సోనీలని కనీసం మంచం మీద పక్కపక్కన చూపించారు, భార్యాభర్తలు పోట్లాడుకున్నట్టు పోట్లాడనిచ్చారు. ల్యూక్, నోవాలకి ఆ ఏడు నెలలూ ఆపాటి కూడా దక్కలేదు.

అయితే ఈ రెండిట్లోనే ఎంచుకోవాల్సిన ఖర్మ మనకి లేదు. బ్రిటన్ సీరియల్ ఈస్ట్‌ఎండర్స్‌లో క్రిస్టియన్, సయ్యద్‌ల కథ చూసినవాళ్లు ఇక సర్దుకుపోలేరు. సయ్యద్ మసూద్ నమాజు చేసుకునే ముస్లిం కుర్రాడు, ఇంటికి పెద్ద కొడుకు. అమీరా అనే అమ్మాయితో పెళ్లి కుదిరింది. క్రిస్టియన్ ఏ దాపరికమూ లేకుండా బతికేవాడు. పైగా సయ్యద్ తల్లి జైనబ్‌తో కలిసి పనిచేస్తూ ఆ ఇంట్లో తిరిగేవాడు. ఇక్కడ బాణాసంచా పేలాల్సిన పని లేదు. సయ్యద్ ఇంట్లో అడుగుపెడితే చాలు, మన గుండెల్లో టెన్షన్ మొదలవుతుంది. 2010 జనవరి 1న అమీరాతో పెళ్లి జరిగిపోయింది. జైనబ్ నిజాన్ని కప్పెట్టాలని చూస్తుంది. కొడుకు మీద ప్రేమ, పరువు భయం రెండూ ఆ తల్లిని నలిపేస్తుంటే ఆమె మీద కోపం వస్తుంది, జాలీ వేస్తుంది. సయ్యద్ తన మతాన్ని పాత చొక్కాలా విడిచి పారేయడు. దేవుడూ కావాలి, క్రిస్టియనూ కావాలి. ఈ కష్టం ఆ మనిషికి తప్ప ఇంకొకరికి రాదు. నోవాకి పోయిన చూపు ఆ సీరియల్లో ఏ పాత్రకి పోయినా కథ అలాగే నడిచేది. తేడా అంతా అక్కడే ఉంది.

లోపాలు ఇక్కడా లేకపోలేదు. చివరి ఏడాది సయ్యద్ అప్పులు, అబద్ధాల ట్రాక్ సాగదీశారు. అయినా 2012లో ఇద్దరినీ సయ్యద్ కూతురు యాస్మిన్‌తో సహా కలిపే పంపించారు.

మరో బ్రిటన్ సీరియల్ ఎమ్మర్‌డేల్‌లో ఆరన్, రాబర్ట్‌లది ఇంకా మొరటు కథ. రాబర్ట్ వేరే అమ్మాయిని పెళ్లి చేసుకోబోతూనే మెకానిక్ ఆరన్‌తో చాటుగా తిరిగాడు. గుట్టు బయటపడుతుందన్న భయంలోనే 2015లో తన సోదరుడి భార్య కేటీ చావుకి కారణమయ్యాడు. మంచివాడు కాదు. కానీ వాడు చేసిన ప్రతి తప్పు వెనకా వాడి పిరికితనమో స్వార్థమో కనిపిస్తుంది, రచయితల అవసరం కనిపించదు. గే పాత్రని మచ్చలేని మర్యాదస్తుడిగా చూపిస్తేనే గౌరవం అనుకునేవాళ్లకి నేను రాబర్ట్‌నే చూపిస్తాను. విల్ తప్పు చేస్తే నాకు రచయితల మీద కోపం వచ్చింది, రాబర్ట్ తప్పు చేస్తే రాబర్ట్ మీదే వచ్చింది.

ముగింపుల విషయానికొస్తే నాకు అన్నిటికంటే చేదుగా మిగిలింది మళ్లీ ఆజ్ ది వరల్డ్ టర్న్స్‌దే. చివరి ఏడాదిలో ల్యూక్ జీవితంలోకి రీడ్ ఆలివర్ అనే డాక్టర్ వచ్చాడు. కటువుగా మాట్లాడే, తెలివైన, సరదా మనిషి. చూసేవాళ్లు వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. సీరియల్ మూతపడే చివరి రోజుల్లో వాడి కారుని రైలు గుద్దింది. వాడి గుండె తీసి, ఆసుపత్రిలో వాడితో పదవికి పోటీపడ్డ క్రిస్‌కి పెట్టారు. మిగతా జంటలన్నీ సుఖంగా సర్దుకుంటుంటే ల్యూక్ ఒంటరిగా మిగిలాడు. ఇంకో వారంలో సీరియలే ఉండదన్నప్పుడు ఆ ఇద్దరినీ కలిపి ఉంచితే ఎవరికి నష్టం?

దాని పక్కన బ్రిటన్ సీరియల్ హోలీఓక్స్‌లో జాన్ పాల్, క్రెయిగ్‌లని పెట్టి చూడండి. నలుగురిలో చేయి పట్టుకోవడానికే భయపడే క్రెయిగ్, 2008 సెప్టెంబర్‌లో రైల్వే స్టేషన్‌లో అందరి ముందూ జాన్ పాల్‌ని ముద్దు పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి వెళ్లిపోయారు. నాలుగేళ్ల తర్వాత జాన్ పాల్ ఒక్కడే తిరిగొచ్చాడన్నది నిజమే. అయినా ఆ రోజు పడ్డ సంతోషం నాకు తగ్గలేదు, ఎందుకంటే ఆ ముద్దు క్రెయిగ్ అంతకుముందు పడ్డ భయానికి జవాబు.

ఎమ్మర్‌డేల్‌లోని జైలు ముగింపు ఈ రెండిటికీ మధ్యలో వస్తుంది. 2019లో రాబర్ట్‌కి యావజ్జీవం వేసి పంపేశారు, ఆరన్‌ని ఒంటరిని చేశారు. అప్పట్లో అదీ అన్యాయమే అనిపించింది. కానీ మనిషి బతికున్నాడు కాబట్టే 2025లో రాబర్ట్ ఊళ్లోకి తిరిగి రాగలిగాడు. విల్‌ని లేపినట్టు చచ్చినవాణ్ణి లేపాల్సిన అవసరం రాలేదు.

కొత్తగా చూడాలనుకునేవాళ్లు క్రిస్టియన్, సయ్యద్‌లతో మొదలుపెట్టండి, తర్వాత ఆరన్, రాబర్ట్. విల్ కథ పెళ్లి దాకా చూసి ఆపేయండి. ల్యూక్‌ని చూస్తే మాత్రం రీడ్ వచ్చాక ఆ నెలలు తప్పకుండా చూడండి, కారు రైలు పట్టాల వైపు తిరగక ముందే కట్టేయండి.