దిండిలో ఆరు రొయ్యలు 1,290, మలికిపురం పెరట్లో కిలోన్నర 630

ముందే చెప్పేస్తున్నా. కోనసీమలోని దిండి వైపు వెళ్లేవాళ్లు గది ఎక్కడ తీసుకున్నా పర్లేదు గానీ రొయ్యలు మాత్రం రిసార్టులో ఆర్డర్ చెయ్యొద్దు. ఆ ఒక్క ప్లేటు దెబ్బకి మా ఆయన మర్నాడు అంతర్వేదిలో స్వామి ఎదురుగా నిలబడి కూడా బిల్లే తలుచుకున్నారు.

వెళ్లింది నేను, ఆయన, అత్తయ్య, మా వాడు. లింగంపల్లిలో నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి పాలకొల్లు. అక్కణ్ణుంచి చించినాడ వంతెన మీదుగా దిండికి ఆటో 500. గది 4,200. కిటికీ తీస్తే గోదావరి, ఏసీ బాగుంది, వేడినీళ్లు వచ్చాయి, పడవ షికారూ బాగుంది. వీటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

గొడవంతా రాత్రి భోజనం దగ్గర. మెనూలో ‘స్పైసీ గ్రిల్డ్ ప్రాన్స్’ అని ఉంది, ధర ఉండాల్సిన చోట ‘సైజును బట్టి’ అని ఉంది. ఎంతవుతుందని అడిగితే సర్వర్ కుర్రాడు, “పెద్దవేనండి, ఇయ్యాళే వచ్చాయండి, రేటు కిచెన్‌లో కనుక్కుని చెప్తానండి” అని వెళ్లి, రేటుతో కాదు, ప్లేటుతో తిరిగొచ్చాడు.

వేడి ఇనుప పళ్లెం, దాన్నిండా క్యాబేజీ తురుము, పైన ఆరు రొయ్యలు. మా వాడి వేళ్లకి అంటిన ఎర్ర రంగు సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. వీపు నరం తియ్యలేదు, పంటి కింద ఇసుక తగిలింది. నిప్పు మీద కాలిన వాసన మచ్చుకి కూడా లేదు. నూనెలో వేయించేసి, పైన మసాలా పూసి, పళ్లెంలో చుయ్‌మనిపించారు, అంతే. నమిలితే సాగుతున్నాయి. మర్నాడు శనివారం, పైగా దర్శనం కాబట్టి అత్తయ్య పప్పూ పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. ఆవిడ తినకుండానే తేల్చేశారు: “ఐసులో ఎన్నాళ్లున్నాయో పాపం.”

బిల్లులో ఆ ప్లేటు 1,290. మిగతా రోటీలు, పప్పు, అన్నం అన్నీ కలిపి 980. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జీ 227, మళ్లీ జీఎస్టీ, మొత్తం 2,622. మా ఆయన మామూలుగా గొడవలకి పోరు. ఆ రోజు మాత్రం మేనేజర్ని పిలిపించారు. “ఇక్కడ అందరూ కడతారు సార్” అన్నాడాయన. సర్వీస్ ఛార్జీని హోటళ్లు తమంతట తామే బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చిందనీ, ఢిల్లీ హైకోర్టు కూడా 2025లో వాటిని సమర్థించిందనీ ఈయన మొదలుపెట్టారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చెయ్యమంటారా అన్నాక మేనేజర్ మొహం మాడ్చుకుని బిల్లు మార్చి తెచ్చాడు. 2,384 కట్టాం. రొయ్యల రేటు మాత్రం రూపాయి తగ్గలేదు. మీరూ సర్వీస్ ఛార్జీ తీసెయ్యమని అడగండి, మొహమాటపడితే మన జేబుకే చిల్లు.

శనివారం అంతర్వేది. దర్శనం తొందరగానే అయింది. 2020లో పాత రథం కాలిపోయాక చేయించిన కొత్త రథం చూశాం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లొచ్చాం. ఎండకి గొడుగు తప్పనిసరి.

ఆ సాయంత్రమే రిసార్టు ఖాళీ చేసి మలికిపురం దగ్గర కొబ్బరితోటలో ఒక ఇంటి మేడ మీదికి మారాం. గది 1,800, వంటిల్లు వాడుకుంటే రోజుకి 300. ఏసీ ఒక గదిలోనే ఉంది, అది అత్తయ్యకి ఇచ్చేశాం. దోమలు విపరీతం, దోమతెర ఇచ్చినా మందు పూసుకోక తప్పదు. బాత్రూం తలుపు గడియ సరిగ్గా పడదు. ఇన్ని ఉన్నా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను, కారణం ఆ ఇంటావిడ. అక్కడికొచ్చేవాళ్లంతా పిన్నిగారంటారు, మేమూ అలాగే పిలిచాం.

రిసార్టు కథ విని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “ఎంత కౌంటండీ అయ్యి?” కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. ముప్పై కౌంటంటే కిలోకి ముప్పై, అంటే పెద్దవి. అరవై అంటే చిన్నవి. మా వాడు వేలు చూపించి సైజు చెప్పాడు. “అరవై కౌంటేనండి బాబూ! ఆరంటే వంద గ్రాములు. చెరువు గట్టు మీద ఆ సైజు కిలో మూడొందలు పలకట్లేదు” అన్నారావిడ. మా ఆయన మొహం చూడాలి అప్పుడు. పాపం, ఆవిడ ఆ లెక్క చెప్పకుండా ఉంటే బాగుండేది.

వాళ్లాయన ఒకప్పుడు టైగర్ రొయ్య వేశారట. తొంభైల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువులకి చెరువులే పోయాయి. 2009లో వనామి అనే ఇంకో రకం రొయ్య సాగుకి అనుమతి వచ్చాక ఆ వైపంతా అదే అయింది. 2025 ఆగస్టులో రొయ్యలతో సహా మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతం చేసినప్పుడు ఊళ్లో ఎవరికీ సరిగ్గా నిద్రల్లేవన్నారు.

ఆదివారం పొద్దున్న ఆవిడే వెంట వచ్చి కొనిపెట్టారు. ముప్పై కౌంటు వనామి కిలో 420, కిలోన్నర 630. తల గట్టిగా అతుక్కుని ఉండాలి, తల దగ్గర నలుపు తిరగకూడదు, పెంకు నిగనిగలాడాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు కొట్టకూడదు. సముద్రపు రొయ్యే కావాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వెళ్లకండి, వేట నిషేధం. చెరువు రొయ్యకి ఆ బాధ లేదు. ఇంకో మాట, శుభ్రం చేసేవాళ్లు అలవాటుగా పెంకు వలిచేస్తారు. వద్దని ముందే చెప్పాలి.

కాల్చడానికి పెంకు ఉండాల్సిందే. పిన్నిగారు కత్తెరతో వీపు మీద పెంకుని తోక దాకా చీల్చి, నల్ల నరం లాగేసి, ఆ చీలికలోకి మసాలా వేలితో కూరారు. గుంటూరు కారం, రంగుకి కొంచెం కాశ్మీరీ కారం, అల్లం వెల్లుల్లి, పసుపు, మిరియాలు, ఉప్పు, నూనె. నిమ్మరసం మాత్రం నిప్పులు సిద్ధమయ్యాకే పిండారు. ముందే పిండితే పులుపుకే కండ గట్టిపడిపోతుందట. పుల్లల బదులు నానబెట్టిన కొబ్బరి ఈనెలు, మొదలు వైపు లావుగా ఉన్నవి. ఒక్కో వరసకి రెండేసి ఈనెలు గుచ్చారు, తిప్పేటప్పుడు రొయ్య గిర్రున తిరిగిపోకుండా.

పెరట్లో ఇటుకల మీద ఇనుప జాలీ, కింద కొబ్బరి చిప్పల నిప్పులు. మంట ఉన్నప్పుడు పెట్టనివ్వలేదు. మంట ఆరి, నిప్పుల మీద తెల్లటి బూడిద పట్టాకే పెట్టారు. కరివేపాకు రెబ్బని నూనెలో ముంచి దాంతోనే పూశారు. నూనె చుక్క పడ్డప్పుడల్లా పొగ లేచి రొయ్యకి పట్టింది. ఒక్కో వైపు రెండు నిమిషాలు, అంతకంటే అక్కర్లేదు. బూడిద రంగు పోయి ఎర్రబడి, కొడవలిలా వంగగానే తీసెయ్యాలి. పెంకు అంచులు నల్లగా మాడాయి, లోపల కండ మాత్రం రసం కారుతోంది. పెంకు చీకుతుంటేనే సగం కారం నోట్లోకి వస్తుంది. అత్తయ్య దగ్గర పెంకులు గుట్టపడ్డాయి. మా ఆయన నోరు మంటెక్కి మజ్జిగ తాగుతూ, “ఇందులో ఒక్కోటి అక్కడ 215 రూపాయలు” అని ప్రతి రొయ్యకీ అంటూనే ఉన్నారు.

వంటింటి అద్దె, నిమ్మకాయలతో కలిపి వెయ్యి కూడా కాలేదు. పిన్నిగారు కూలి తీసుకోలేదు, మా అత్తయ్యే బలవంతంగా చేతిలో 500 పెట్టారు.

వచ్చేటప్పుడు రెండు కిలోలు థర్మాకోల్ పెట్టెలో ఐసు వేయించి తెచ్చుకున్నాం. పెట్టె, ఐసు కలిపి 150. మూత చుట్టూ టేపు గట్టిగా వేయించండి, లేకపోతే రైల్లో కింది బెర్తువాళ్లు ఊరుకోరు. ఫ్లాట్‌లో నిప్పులు కుదరవు కాబట్టి ఇనుప దోసె పెనం బాగా కాల్చి, అదే మసాలాతో పెంకుతోనే పరిచాను. పొగ వాసన రాదు గానీ రుచి ముప్పావు వంతు వస్తుంది. పెనం నిండా కుక్కితే నీళ్లూరి ఉడికిపోతాయి, వాయికి పదికి మించి వెయ్యొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేసుకోండి, ఆ ఘాటుకి మా పై ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టి మరీ దగ్గారు.