ఎల్ఈడీ బల్బా, రిలేతో హాలోజెనా, ప్రొజెక్టరా? ఇంట్లోనే కారు లైట్లు మార్చుకోవాలనుకునే బెంగళూరు వాళ్ళకి

కారు సామాన్లు దొరికే జేసీ రోడ్డులో ఏ షాపు ముందు ఆగినా మొదట చేతిలో పెట్టేది ఎల్ఈడీ బల్బుల డబ్బానే. "ఇరవై వేల ల్యూమెన్లు సార్, పది నిమిషాల్లో ఫిట్టింగ్" అంటూ కౌంటర్ మీదున్న బ్యాటరీకి తగిలించి ఎదురు గోడ మీద కొట్టి చూపిస్తాడు. గోడంతా పాలలా తెల్లబడుతుంది. సగం మంది అక్కడే పడిపోతారు. కంపెనీ నుంచి వచ్చిన మామూలు హెచ్7 హాలోజెన్ బల్బు ఇచ్చేది దాదాపు 1500 ల్యూమెన్లు (వెలుతురుని కొలిచే లెక్క). దానికి పదమూడు రెట్లు వెలుతురు అరచేతిలో పట్టే బల్బులోంచి వస్తుందా అని అడిగేవాళ్ళు తక్కువ. సరే, వచ్చిందే అనుకుందాం. ఆ వెలుతురు ఎటు పోతుందన్నది కౌంటర్ మీద తెలీదు, కారుకి పెట్టాకే తెలుస్తుంది.

ఆదివారం తెల్లవారకముందే నంది కొండకి బయల్దేరే పోలో జీటీల వాళ్ళకీ, పాత సివిక్‌ల వాళ్ళకీ, శుక్రవారం రాత్రి ఆఫీసు అవగానే దేవనహళ్ళి, బాగేపల్లి మీదుగా అనంతపురం దారి పట్టే మనవాళ్ళకీ లైటు సోకు ఒక్కటే కాదు, అవసరం కూడా. కాబట్టి ఏది అందంగా ఉంటుందన్నది కాసేపు పక్కన పెట్టి, ఏది దారి చూపిస్తుంది, ఏది ఎదుటివాడి కళ్ళు పోగొట్టదు అన్న లెక్కన చూస్తాను.

హెచ్4 బల్బుని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అద్దం లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి, హై బీమ్‌కి 60 వాట్లు, లో బీమ్‌కి 55. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు దొన్నె ఒకటి కనిపిస్తుంది. ఆ దొన్నె వల్లే వెలుతురు రిఫ్లెక్టర్ పైసగం మీద మాత్రమే పడి, అక్కణ్ణుంచి కిందకి వంగి రోడ్డు మీదకి పోతుంది. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ సన్నని తీగ ఉన్న చోటుని పట్టి లెక్క కట్టిందే. ఎల్ఈడీ బల్బులో తీగ ఉండదు, ఒక పలక, దానికి అటూ ఇటూ అతికించిన చిప్పులు ఉంటాయి. ఆ చిప్పులు తీగ ఉండాల్సిన చోటు నుంచి మిల్లీమీటరో రెండో జరిగినా బీమ్ చెదిరిపోతుంది. చెదిరిన వెలుతురులో కొంత కారు ముందు పది మీటర్ల లోపే కుప్ప పడుతుంది, కొంత ఎదురుగా వచ్చే లారీ క్యాబిన్‌లోకి ఎక్కుతుంది. కారు ముందు నేల తెల్లగా మెరుస్తుంటే మనకి మహా బాగుంటుంది, కానీ దగ్గర వెలుతురుకి కంటిపాప ముడుచుకుపోవడంతో దూరాన ఉన్న గేదె కనపడదు.

జర్మనీలో ఆస్‌రామ్ కంపెనీ 2020లో హెచ్7 ఎల్ఈడీ బల్బుకి రోడ్డు అనుమతి తెచ్చుకుంది. ఆ అనుమతి బల్బు ఒక్కదానికే కాదు, ఫలానా కారు, అందులో ఫలానా హెడ్‌లైట్ అని జాబితా కట్టి ఇచ్చారు. జాబితాలో లేని కారుకి అదే బల్బు పెడితే చట్టవిరుద్ధమే. బల్బు మంచిదా కాదా అన్న ప్రశ్నకి అది కూర్చునే హెడ్‌లైట్ బుడ్డీ సంగతి చూడకుండా జవాబు లేదని వాళ్ళు ఒప్పుకున్నట్టే. మన షాపుల్లో మాత్రం ఒకటే డబ్బా అన్ని కార్లకీ "పక్కా సూట్" అవుతుంది.

ఇంకో చిక్కు వెనకవైపు. ఈ బల్బులకి వేడి పోవడానికి ఫ్యానో, రేకుల దిమ్మో తగిలించి ఉంటుంది. దాంతో హెడ్‌లైట్ వెనక రబ్బరు మూత సరిగ్గా మూసుకోదు. మూతకి కంత పెట్టి నెట్టుకొస్తారు. బెంగళూరు వానల్లో ఆ కంతే దారి చేసుకుని లోపలికి తేమ చేరుతుంది. అంతకంటే ఎల్ఈడీ మోజుని వదులుకోవడం చవక.

మరి హాలోజెన్‌నే ఉంచుకుంటే? చాలామంది దీన్ని పట్టించుకోరు. ముందుగా మల్టీమీటర్ పట్టుకుని ఇంజిన్ ఆన్‌లో, లైట్లు వేసి ఉంచి, బ్యాటరీ దగ్గరా బల్బు హోల్డర్ దగ్గరా వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 14 వోల్టులుండి బల్బు దగ్గర 12.6 ఉందనుకోండి. తేడా పదో వంతే. కానీ ఫిలమెంట్ బల్బులో వెలుతురు వోల్టేజీతో పాటు సమంగా తగ్గదు, సుమారు 3.4వ ఘాతంలో తగ్గుతుంది. అంటే పది శాతం వోల్టేజీ పోతే దాదాపు 30 శాతం వెలుతురు పోయినట్టు. పదేళ్ళు దాటిన కార్లలో స్విచ్చీ సన్నని వైర్లూ కలిసి తినేసేది ఇదే.

దీనికి మందు రిలే హార్నెస్. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి, హార్నెస్ అంటే దాని వైర్ల కట్ట. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30వ పిన్నుకి, 87వ పిన్ను నుంచి బల్బుకి. పాత హెడ్‌లైట్ కనెక్టర్ 85, 86 మీద రిలేని లాగే పని మాత్రం చేస్తుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. మధ్యలో ఎక్కడో పెడితే, వైరు బాడీకి రాసుకుని షార్ట్ అయిన రోజున అది ఉండీ లేనట్టే. మధ్యాహ్నం ఒక పూట పని, ఖర్చు ఎల్ఈడీ జత కంటే తక్కువే. అయితే కొత్త కార్లలో లైట్లని కంప్యూటర్ మాడ్యూల్ నడిపిస్తుంది, కరెంటుని ఆపి ఆపి పంపిస్తుంది. అలాంటి కారుకి రిలే పెడితే టకటకా కొట్టుకుంటుంది. వాటి జోలికి పోవద్దు.

రిలే పెట్టాం కదా అని 100/90 వాట్ల బల్బు కొనకండి. హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మీది వెండిరంగు పూత మాడుతుంది, పైగా చట్టవిరుద్ధం.

బల్బు బాగుండీ వెలుతురు పసుపుగా వస్తోందంటే నేరం బయటి అద్దానిది. అది గాజు కాదు, పాలీకార్బొనేట్. ఎండకి పైపూత చచ్చిపోయి పచ్చబడుతుంది. నీళ్ళతో 800, 1000, 2000, 3000 నంబరు గరుకు కాగితాలు వరసగా రుద్ది, పాలిష్ పట్టి, యూవీ క్లియర్ కోట్ కొడితే కొత్త దానిలా వస్తుంది. క్లియర్ కోట్ రెండు సీసాలు కలిపేదైతే ఆరుబయట, సరైన మాస్కుతో కొట్టండి, ఆ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. టూత్‌పేస్టు చిట్కా వారం పాటు మెరిపిస్తుంది, ఆపైన పూత లేని ప్లాస్టిక్ మునుపటి కంటే తొందరగా పచ్చబడుతుంది.

అసలు మోజు మాత్రం ప్రొజెక్టర్ మీదే, దాన్ని తప్పుపట్టను. బుడ్డీ విప్పి, లోపల కొత్త బై-ఎల్ఈడీ ప్రొజెక్టర్ (హై, లో బీమ్ రెండూ ఒకే లెన్సు గుండా పంపేది) కూర్చోబెడితే గోడ మీద గీత గీసినట్టు కటాఫ్, అంటే వెలుతురు ఆగే అంచు వస్తుంది. ఇక్కడ ఎల్ఈడీకి తగిన లెన్సూ దానితోనే వస్తుంది, వేరేవాడి రిఫ్లెక్టర్‌ని అరువు తెచ్చుకునే పని లేదు. వెలుతురు పరంగా మూడింటిలో ఇదే గొప్ప. చెడగొట్టుకోవడానికి ఎక్కువ అవకాశాలున్నదీ ఇదే.

హెడ్‌లైట్ అద్దాన్ని బుడ్డీకి బ్యూటైల్ అనే నల్లటి జిగురుతో అతికిస్తారు. బల్బులు, స్క్రూలు, క్లిప్పులు అన్నీ తీసేసి ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర ఎనిమిది పది నిమిషాలు ఉంచితే జిగురు మెత్తబడుతుంది. అప్పుడు ఒక మూల నుంచి నెమ్మదిగా లాగుతుంటే తీగపాకంలా సాగుతూ విడిపోతుంది. వంట చేసుకునే ఓవెన్ వాడకండి, ఆ వాసన పోదు, ఇంట్లో వాళ్ళ మాటలూ తప్పవు. హీట్ గన్‌తో చుట్టూ తిప్పుతూ కూడా విప్పొచ్చు, కాకపోతే ఓపిక కావాలి. కొన్ని కార్లకి బ్యూటైల్ బదులు పాలీయురెథేన్ వేస్తారు. అది వేడికి లొంగదు, కోయాల్సిందే. అలాంటి బుడ్డీ అయితే అక్కడితో ఆగిపోవడం తెలివి.

లోపల పని చేసేటప్పుడు వెండిరంగు పూత మీద వేలు పెట్టొద్దు, తుడిస్తే పూతే ఊడొస్తుంది. సూపర్ గ్లూ అసలే వద్దు, దాని ఆవిరి అద్దం లోపలంతా తెల్లని మసకలా పేరుకుంటుంది. మూసేటప్పుడు పాత జిగురు మీదే నొక్కకుండా కొత్త బ్యూటైల్ తాడు వేయండి. గాలి ఆడటానికి కంపెనీవాడు వదిలిన రంధ్రాలు మూసేస్తే మొదటి వానకే లోపల చెమట పడుతుంది. ఇదంతా కారులో ఉన్న జత మీద కాకుండా శివాజీనగర్‌లో పాతసామాను జత కొనుక్కుని దాని మీద చేయండి, బిల్లు మాత్రం అడిగి తీసుకోండి.

ఇక కొనేటప్పుడు తప్పకుండా అడగాల్సినది, కటాఫ్ మెట్టు ఎటు పైకి లేస్తోందని. లో బీమ్ గీత ఒకవైపు కాస్త పైకి లేస్తుంది, రోడ్డు అంచున నడిచేవాళ్ళూ బోర్డులూ కనిపించడానికి. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి డ్రైవర్ సీట్లోంచి చూస్తే ఆ మెట్టు ఎడమవైపే ఉండాలి. అమెరికా, చైనా రోడ్ల కోసం చేసినదైతే కుడివైపు లేస్తుంది, అంటే నేరుగా ఎదురుగా వచ్చేవాడి ముఖం మీదకి. కుడివైపు నడిపే దేశాల నుంచి తెచ్చుకున్న స్పోర్ట్స్ కార్ల హెడ్‌లైట్లకీ ఇదే చిక్కు. చవగ్గా దొరికింది కదా అని పెట్టించుకుని తిరిగేవాళ్ళని అవుటర్ రింగు రోడ్డు మీద రోజూ చూస్తున్నాం.

కటాఫ్‌ని సరిచూసుకోవడానికి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ గోడ చాలు, నేల సమంగా ఉంటే. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, గోడకి 10 మీటర్ల దూరంలో నిలపండి. బల్బు మధ్య ఎత్తు కంటే గీత 10 సెంటీమీటర్లు కిందుండాలి, అంటే ఒక శాతం వాలు. కిందకి కూర్చునే కార్లకి అసలు కష్టం ఇక్కడే. హెడ్‌లైట్ 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఒక శాతం వాలుతో గీత 60 మీటర్ల దగ్గర నేలని తాకుతుంది. ఎత్తైన ఎస్‌యూవీకి 90 మీటర్లు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో 60 మీటర్లు రెండు సెకన్ల పైచిలుకు దూరమే. లోయరింగ్ స్ప్రింగులు వేసుకుని ఇంకా కిందకి దించితే అంత మేర చూపు తగ్గుతుంది. అది భర్తీ చేద్దామని స్క్రూ తిప్పి లైటు పైకెత్తడం కాదు, వేగం తగ్గించడమే దారి. స్ప్రింగులు మార్చాక మాత్రం గోడ దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సిందే, ముందూ వెనకా సమంగా దిగవు.

వెనక లైట్ల సంగతి. మా అత్త కొడుకు ధర్మవరం నుంచి వచ్చి బెళ్ళందూరులో ఉంటున్నాడు, సెకండ్‌హ్యాండ్ కారు కొన్న వారానికే ఫోన్ చేశాడు.

"బావా, టెయిల్ లైట్లకి స్మోక్ కొడితే లుక్కే వేరుగా ఉంటది."

"లుక్కు సరేరా, రాత్రి పెనుకొండ దాటాక వెనకొచ్చే లారీవాడికి కారే కనపడకపోతే?"

స్మోక్ ఫిల్మైనా స్ప్రే అయినా నాకు నచ్చదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వెనక ఎర్రలైటు దూరం నుంచి కనిపించాలని ఉంది. పైగా బండి ఆగిపోయి లైట్లు ఆరిపోయినప్పుడు కూడా వెనక వాహనం వెలుగుకి మెరిసే రిఫ్లెక్టర్లు ఆ బుడ్డీలోనే ఉండొచ్చు. వాటి మీద నల్లరంగు కొడితే వెలుతురు లోపలికి పోయేటప్పుడోసారి, బయటికి వచ్చేటప్పుడోసారి, రెండుసార్లు తరుగుతుంది.

ఫిలమెంట్ బదులు ఎల్ఈడీ పెట్టడానికి వెనకవైపు కాస్త న్యాయం ఉంది. ఎల్ఈడీ ఫిలమెంట్ కంటే దాదాపు 0.2 సెకను ముందే పూర్తిగా వెలుగుతుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో వెనకవాడికి అది ఐదున్నర మీటర్లు. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్ఈడీనే పెట్టాలి, తెల్లది పెడితే వెలిసిపోయిన గులాబీ రంగు వస్తుంది. బ్రేకుకీ మామూలు వెలుగుకీ తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. అసలు బల్బులో అది 21 వాట్లకి 5 వాట్లు. చవక బల్బుల్లో రెండూ ఒకేలా వెలుగుతాయి, చీకట్లో ఒకరు బ్రేకు నొక్కి ఇంకొకరు చూస్తే తెలిసిపోతుంది.

ఇండికేటర్లకి ఎల్ఈడీ పెడితే గబగబా కొట్టుకుంటాయి, బల్బు పోయిందని కారు అనుకుంటుంది. దానికని 6 ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తారు. ఇండికేటర్ వెలిగినప్పుడల్లా అది 30 వాట్ల పైన వేడి కక్కుతుంది. ప్లాస్టిక్‌కి టేపు వేసి అంటించకండి, బాడీ రేకుకి బోల్టు వేయండి.

లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పరిగెత్తే ఇండికేటర్ కొత్త మాటేం కాదు, 1965 ఫోర్డ్ థండర్‌బర్డ్‌లో మోటారు తిప్పే కామ్‌తో నడిచింది. ఇప్పుడు జేసీ రోడ్డు నుంచి నడిచి ఎస్పీ రోడ్డుకి వెళ్తే ఆర్డుయినో (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న బోర్డు), ఎల్ఈడీ పట్టీ, 5 వోల్టుల కన్వర్టర్ అన్నీ ఒకే సందులో దొరుకుతాయి. సరదాగా చేసుకోండి, కాషాయ రంగు వదలకండి. బ్రేకు లైటుని మాత్రం ఆ బోర్డు గుండా పంపకండి. ప్రోగ్రాం ఎక్కడో ఆగిపోతే కీబోర్డు మీద మళ్ళీ నొక్కడానికి హైవే మీద టైముండదు. బ్రేకు వైరు పెడల్ స్విచ్ నుంచి నేరుగా బల్బుకే పోవాలి.

చట్టం సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ వివరాలకి భిన్నంగా మార్పులు చేయొద్దంటుంది. 182ఎ(4) ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కళ్ళు చెదిరే ఎల్ఈడీ లైట్ల మీద 2024 జులై నుంచి కర్ణాటక పోలీసులు ప్రత్యేకంగా కేసులు పెట్టడం మొదలెట్టారు. ఆ లెక్కన నా ఓటు పాత కారుకి రిలే, మంచి 60/55 బల్బు, పాలిష్ పట్టిన అద్దం. ఇది చేశాక కూడా చూపు చాలలేదంటేనే విడి జత మీద ప్రొజెక్టర్. అది రోడ్డెక్కితే చట్టం కంట్లో పడే మార్పే, తెలిసే చేయాలి. కారుతో వచ్చిన అసలు బుడ్డీలు పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టండి. రేపు ఇన్సూరెన్సు సర్వేయర్ వచ్చినా, ఆర్టీఓలో బండి చూపించాల్సి వచ్చినా, కొనేవాడు "ఒరిజినల్ ఉందా అన్నా" అని అడిగినా, గంటలో తిరిగి బిగించుకోవచ్చు.