అమెరికాలో పైలట్ ట్రైనింగ్: ఇండియాలో కొన్నేళ్లు విమానం నడిపాక నా అభిప్రాయం

గాజువాకలో ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టి నాన్న నన్ను ఆరిజోనా పంపారు. అక్కడ పైలట్ ట్రైనింగ్ చేసి తిరిగొచ్చి, కొన్నేళ్లుగా ఇండియాలోనే ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, ఏ320 విమానం నడుపుతున్నాను. "అన్నా, ట్రైనింగ్ ఇక్కడే చేయాలా, బయటి దేశానికెళ్లాలా?" అని వైజాగ్ పిల్లలు తరచూ అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

మళ్లీ ఎంచుకోమన్నా నేను అమెరికాకే వెళ్తాను. మన దేశంలో విమానయానాన్ని చూసే డీజీసీఏ ఇచ్చే సీపీఎల్‌కి (కమర్షియల్ పైలట్ లైసెన్సుకి) 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మనదే అయిన పైలట్‌గా. ఆ గంటలు ఎన్నాళ్లకి పూర్తవుతాయన్న దగ్గరే డబ్బంతా పోతుంది. ఆరిజోనాలో పొద్దున్నే వెళ్తే చాలా రోజులు ఆకాశం తేటగా ఉండేది, సెస్నా 172 అనే చిన్న ట్రైనింగ్ విమానం సిద్ధంగా ఉండేది. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య, ఉత్తరాదిలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు. పొగమంచుతో కొన్నాళ్లు, స్పేర్ పార్టులు రాక కొన్నాళ్లు, వానలతో కొన్నాళ్లు ఖాళీగా కూర్చున్నాడు. హాస్టల్ ఖర్చు మాత్రం ఏ నెలా ఆగలేదు. ఫీజు తక్కువని చేరినా చివరికి పెద్దగా మిగిలిందేమీ లేదు.

అయితే అమెరికా లైసెన్సుతో ఇక్కడ ఉద్యోగం రాదు, దాన్ని డీజీసీఏ లైసెన్సుగా మార్చుకోవాలి. చాలామంది ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ దగ్గరే దెబ్బతింటారు. అక్కడ ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చాక, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నా, కంట్రోల్స్ మన చేతిలో ఉంటే ఆ గంటని పైలట్ ఇన్ కమాండ్ కింద రాసుకోవచ్చు. డీజీసీఏ మాత్రం దాన్ని డ్యూయల్ కిందే, అంటే ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరిన గంటగానే లెక్కేస్తుంది. అందుకే ఇండియా లెక్కకి మొదటి నుంచీ విడిగా ఒక గడి గీసుకున్నాను. డీజీసీఏ అడిగే 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీలో (ఊరు దాటి చేసే దూర ప్రయాణంలో) వేరే రెండు ఎయిర్‌పోర్టుల్లో దిగి పూర్తిగా ఆగాలి; అదీ చూసుకునే రూటు వేసుకున్నాను. ఇవి పట్టించుకోని నా రూమ్మేటు తిరిగొచ్చాక మళ్లీ డబ్బు కట్టి ఎగరాల్సి వచ్చింది.

ఇక్కడి వాతావరణం మాత్రం అమెరికా నేర్పలేదు. అక్కడ ఎత్తు చూపే ఆల్టిమీటర్‌కి గాలి పీడనాన్ని అంగుళాల్లో సెట్ చేస్తే ఇక్కడ హెక్టోపాస్కల్స్‌లో చేస్తాం. అది త్వరగానే అలవాటైంది. అక్టోబరులో బంగాళాఖాతం మీద లేచే క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘాలు, వాటి పక్కనుంచి వైజాగ్‌కి దిగడం, చుట్టూ కొండలు, ఇవి చేతికి రావడానికి నాకు టైం పట్టింది. వానల్లో తిప్పలు పడి నేర్చుకున్న మా అన్నయ్యకి ఆ చూపు ముందే వచ్చింది. ఇక్కడి ట్రైనింగ్‌కి ఆ మార్కులు ఇవ్వాల్సిందే.

రాయ్‌బరేలీ దగ్గరి ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో సీటొస్తే మాత్రం నేనెవరినీ బయటికి వెళ్లమనను. వేరే స్కూలైతే, ఇక్కడిదైనా అక్కడిదైనా, ఇప్పుడు చదువుతున్న ఇద్దరు ముగ్గురిని పట్టుకుని పోయిన నెల లాగ్‌బుక్ చూపించమనండి, నెలకి నిజంగా ఎన్ని గంటలు ఎగురుతున్నారో తెలుస్తుంది.

ఇంటి కాగితాలు బ్యాంకుకి ఇచ్చేముందే పైలట్లకి చేసే ఆరోగ్య పరీక్ష, క్లాస్ 1 మెడికల్, చేయించుకోండి. అందులో ఆగిపోతే మిగతా ఖర్చంతా వృథా. నేను మెడికల్ అయ్యాక ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని డీజీసీఏ రాత పరీక్షల్లోని నావిగేషన్, మెటియరాలజీ (వాతావరణం), రెగ్యులేషన్స్ పేపర్లు చదివాను, పాసయ్యాకే వీసాకి వెళ్లాను. ఒక్కో పేపర్‌లో 70 శాతం రావాలి. సీపీఎల్ వచ్చాక టైప్ రేటింగ్‌కి, అంటే ఏ320 లాంటి ఒక రకం విమానం నడిపే అర్హతకి, మళ్లీ లక్షలు కావాలి. నాన్న ఆ మొత్తాన్ని మొదటి లోన్‌లోనే కలిపించారు, అందుకే తిరిగొచ్చాక అప్పు కోసం తిరిగే టెన్షన్ మా ఇంట్లో లేకుండా పోయింది.