ఐనవోలు నుంచి పుణె దాకా: ఒక ఆల్టో, ఒక ఈత చాప

2024లో మా ఆల్టో తిరిగిన కిలోమీటర్లలో సగానికి పైగా పాట కోసమే. నేను, మా బామ్మర్ది, డిక్కీలో ఒక ఈత చాప. ఏ ఊరికి పోయినా నేను చూసేది ఒకటే: పాడేవాళ్లకు ఎంత దగ్గర ఆ చాప పరవనిస్తారు?

మొదలు ఇంటి పక్కనే, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర. హన్మకొండ నుంచి గంటలోపే, కానీ బండి ఊరి బయట ఆపి నడవాలి. కాకతీయుల కీర్తితోరణాల దగ్గర బోనాల రద్దీ, బయట సౌండ్ బాక్సుల మోత. డోలు మీద మల్లన్న కథ పాడే ఒగ్గు కథ కోసం వచ్చి డీజే విని పోతామేమో అనుకున్నా. లోపలి మూలన పట్నం, అంటే దేవుడి కోసం పొడులతో వేసే ముగ్గు, వేస్తున్నారు. ఒగ్గు పూజారి పసుపు గుప్పిట పట్టి, బొటనవేలి పక్క నుంచి సన్నగా జారుస్తూ గీత గీస్తున్నాడు. గీత వంపు తిరిగినప్పుడల్లా పక్కాయన డోలు మెల్లగా కొడుతున్నాడు, తిన్నగా సాగితే మళ్లీ అందుకుంటున్నాడు. చాప పరిచే జాగా లేదు. చంకలో పెట్టుకుని పట్నానికి రెండడుగుల దూరంలో గొంతుక్కూర్చున్నా. పార్కింగ్ 50 రూపాయలు. ఏడాది మొత్తంలో అంతకన్నా మంచి సీటు దొరకలేదు.

జనవరి 30న తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన. ఖమ్మం, విజయవాడ, నెల్లూరు, చెన్నై మీదుగా వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఒక రాత్రి నెల్లూరులో ఆగాం, అక్కడి మెస్సులో చేపల పులుసు కోసమైనా ఆగొచ్చు. తంజావూరులో మాత్రం దెబ్బతిన్నాం. 1,800కు ఆన్‌లైన్‌లో బుక్ చేసిన గదికి కౌంటర్ దగ్గర 3,000 అడిగారు, పైగా వేడినీళ్లు లేవు. ఆరాధనకు పోయేవాళ్లు ముందే ఫోన్ చేసి ధర ఖాయం చేసుకోండి. పొద్దున త్యాగరాజు పంచరత్న కీర్తనలు మొదలవగానే ఆ కోపం పోయింది. కావేరి ఒడ్డున పాడేవాళ్లు ఎదురెదురుగా వరుసలు కట్టి నేల మీదే కూర్చుంటారు. నాట రాగంలోది సంస్కృతం. తర్వాతి నాలుగూ, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, మన తెలుగే. నా పక్కన ఒక పెద్దావిడ తమిళ లిపిలో రాసుకున్న నోటుబుక్కు చూస్తూ పాడుతోంది. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అర్థమేంటని అడిగింది. నాకు తెలియదు. మా బామ్మర్ది నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

ఫిబ్రవరిలో మేడారం. వసతి గురించి చెప్పేదేం లేదు, చెట్టు కిందే. పస్రా దాటాక బండి అడుగు తీసి అడుగు వేయలేదు. ఆ జనంలో కోయలు వాయించే డోలీ వాద్యం దూరం నుంచి వినిపించింది, దగ్గరికి పోలేకపోయాం. సమ్మక్క సారలమ్మల కథను డోలీ మీద పాడే సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఉండేది మణుగూరు దిక్కే, ఎండలు తగ్గినాక పోదామనుకున్నాం. జూన్‌లో ఆయన పోయారు.

అందుకే దీపావళికి గోండుల గుస్సాడీ ఆట చూసేందుకు ఆలస్యం చేయలేదు. అయినా అక్టోబరు 25న మర్లవాయిలో గుస్సాడీ గురువు కనకరాజుగారు పోయారన్న వార్త మేం బయల్దేరకముందే వచ్చింది. "ఇగ ఎందుకు బావా?" అన్నాడు మా బామ్మర్ది. పోయాం. కరీంనగర్, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు. జన్నారం దాటాక అడవి దారి, పగలే పోవాలి. ఉట్నూరు లాడ్జి గది చిన్నదే, కానీ దుప్పట్లు ఉతికినవి, ఓనరు రాత్రి పదకొండుకు కూడా తలుపు తీశాడు. పక్క గూడెంలో గుస్సాడీలతో దండారి ఆడుతున్నారు. నెమలీకల కిరీటాలు, ఒంటి నిండా బూడిద, గుమేలా, పర్రా, పెప్రె వాద్యాలు. మైకు లేదు. చాప పరవబోతే ఒక ముసలాయన వద్దని మంచమే తెచ్చి వేశాడు. తెల్లారేదాకా దాని మీదే.

పుణె ఆఖరిది. డిసెంబరు 15న తబలా జాకీర్ హుస్సేన్ పోయారు, మూడు రోజులకే అక్కడ సవాయి గంధర్వ మొదలైంది. గాయకుడు భీమ్‌సేన్ జోషి తన గురువు పేరిట 1953లో పెట్టిన హిందుస్తానీ సంగీత ఉత్సవం అది. జహీరాబాద్, షోలాపూర్ మీదుగా ఇంటి నుంచి 700 కిలోమీటర్లు. రోడ్డు బాగుంది, ఫాస్టాగ్ మాత్రం ఒక టోల్ దగ్గర రెండుసార్లు కోసింది, ఇంకా వాపసు రాలేదు. కుర్చీ టికెట్టు ఖరీదు, నేల మీది బైఠక్ చవక. మా చాప అక్కడ పనికొచ్చింది. వేదికకు చాలా దూరం, సౌండ్ మాత్రం చెవికి నొప్పి లేకుండా పెట్టారు. డిసెంబరు చలికి రెండు దుప్పట్లు కావాలి, మేం ఒకటే తెచ్చుకున్నాం.

మేడారం జాతర రెండేళ్లకోసారి. వచ్చేసారి జాతరకు వారం ముందే పోదామనుకుంటున్నాం, డోలీ కొట్టేవాళ్ల దగ్గర కూర్చునేంత జాగా అప్పుడైతే ఉంటుంది.