పెతీత్ ఆర్విన్: మింగాక తెలిసే ఉప్పు

స్విట్జర్లాండ్‌లో వాలే అనే కొండ ప్రాంతపు తెల్ల వైన్ అడిగితే ముందు చేతికొచ్చేది షాస్లా ద్రాక్షతో చేసిన ఫెండాంట్. తేలిగ్గా తాగొచ్చు, వంకేమీ లేదు. కానీ ఆ కొండల రుచి తెలియాలంటే అక్కడి మరో తెల్ల ద్రాక్ష రకం పెతీత్ ఆర్విన్‌తో చేసిన వైన్ కొనాలి. ధర ఎక్కువే అయినా పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. ఐసులా చల్లబరచకుండా తాగితేనే సుమా.

ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే పులుపు తప్ప ఏమీ తెలియదు. ఓ ఇరవై నిమిషాలు బయట ఉంచి, 10–12 డిగ్రీలకు వచ్చాక గ్లాసులో మూడో వంతు పోయండి. ముందు పంపరపనస తొక్క ఒలిచినప్పటి వాసన, ఆ చిరుచేదుతో సహా. నోట్లో కాస్త జిడ్డుగా, నిండుగా అనిపిస్తుంది, అంతలోనే పులుపు వచ్చి ఆ జిడ్డును విరిచేస్తుంది. మింగాక నాలుక అంచుల వెంట ఉప్పదనం నిలిచి నోరూరుతుంది. ఎవరూ ఉప్పు కలపరు, ఈ రకం గుణమే అది. ఆ ఉప్పు తగలని సీసా ఎంత ఘుమఘుమలాడినా మంచి ఆర్విన్ కాదు.

1602 నాటి రాతల్లోనే వాలేలో ఈ పేరు కనబడుతుంది. ఖరీదు ఎందుకంటే, ఇది ఆలస్యంగా పండే రకం. ఎండ బాగా కాసే చోటే కావాలి, పైగా వాలేలోని రోన్ నది లోయలో గాలి గట్టిగా వీస్తే లేత రెమ్మలు విరిగిపోతాయి. అందుకే ఫుల్లీ ఊరి పైన దక్షిణానికి తిరిగిన వాలు అంత పేరు తెచ్చుకుంది. రాతి గోడలు కట్టి మెట్లు మెట్లుగా చేసిన ఆ మళ్ళలో పని చాలావరకు చేత్తోనే. బాగా పండి తీపెక్కినా పులుపు తగ్గకపోవడం ఈ కాయ గొప్పతనం. ఆ పులుపును కాపాడాలనే చాలామంది మాలోలాక్టిక్ పులియబెట్టడం (బాక్టీరియా పులుపును మెత్తబరిచే రెండో దశ) జరగనివ్వరు. కొత్త ఓక్ పీపాల్లో ఉంచిన సీసాలు మాత్రం కొనకపోవడమే మేలు, వెనిలా వాసన కింద ఆ ఉప్పు అణిగిపోతుంది.

లేబుల్ మీద ‘ఫ్లెట్రి’ అని ఉందేమో చూసుకోండి. వడలిన అని అర్థం. కాయను తీగ మీదే వడలనిచ్చి చేసిన తియ్యటి వైన్ అది, భోజనం తర్వాత చిన్న గ్లాసులో తాగేది. ఆ మాట లేని సీసాల్లోనూ కొన్నిటిలో కాస్త చక్కెర మిగిలి ఉంటుంది, కొనే ముందు అంగట్లో అడగడం మంచిది.

ఆల్కహాల్ తరచు 13 శాతం దాటుతుంది. కాబట్టి గుంటూరు కారం పట్టించిన వేపుడు పక్కన పెడితే మంట రెట్టింపవుతుంది, వైన్ రుచి పోతుంది. ఉప్పు, నిమ్మరసం, కాస్త మిరియాలతో వేయించిన చేపకు ఇంతకంటే మంచి జోడీ దొరకదు. ముదురు చీజ్‌కూ బాగుంటుంది.

స్విస్ వైన్‌లో దాదాపు అంతా ఆ దేశంలోనే తాగేస్తారు. బయట ఉండే మనవాళ్ళకు అది దొరక్కపోతే, కొండకు అవతల ఇటలీలోని ఆవోస్తా లోయలోనూ ఇదే ద్రాక్ష పండిస్తున్నారు, ఆవోస్తా పేరుతో అడగండి.