కోర్, డిస్ట్రిబ్యూషన్ తేడా తేటపడే తరగతి: విజయవాడలో ఒక నెట్‌వర్క్ డిజైన్ కోర్సు

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక శిక్షణ కేంద్రంలో ఇటీవల ఎంటర్‌ప్రైజ్ నెట్‌వర్క్ డిజైన్ కోర్సు పూర్తి చేశాను. అక్కడి బోధనలో అన్నిటికంటే మెచ్చదగినది కోర్, డిస్ట్రిబ్యూషన్ లేయర్ల పాఠం. పెద్ద నెట్‌వర్క్‌లో ఒక్కో బ్లాకు ట్రాఫిక్‌ను కూర్చి నియంత్రించే అంచె డిస్ట్రిబ్యూషన్, ఆ బ్లాకులన్నిటినీ కలిపే వెన్నెముక కోర్. చాలామంది ఈ రెండిటినీ స్విచ్ ఖరీదును బట్టో, అది ఉన్న గదిని బట్టో గుర్తిస్తారు. కానీ ఒకే మోడల్ స్విచ్‌ను రెండు చోట్లా వాడవచ్చు. ఇక్కడి అధ్యాపకులు లేయర్ల పేర్లు రాయకుండా డయాగ్రమ్ గీసి, ఒక్కో స్విచ్ కాన్ఫిగరేషన్ చూపించి, అది ఏ లేయరో కారణంతో సహా చెప్పమంటారు.

ఉదాహరణకు గుంటూరులో నాలుగు బ్లాకులున్న ఒక కళాశాలను ఊహించుకోమన్నారు. వీల్యాన్‌ల (ఒకే నెట్‌వర్క్‌లో వేరుచేసిన విభాగాల) మధ్య రౌటింగ్, విద్యార్థుల ల్యాబ్ నుంచి పరీక్షల విభాగం సర్వర్‌కు దారి మూసే ఏసీఎల్ (ఏ ట్రాఫిక్‌ను అనుమతించాలో చెప్పే నియమాల జాబితా), సబ్‌నెట్ బయటికి దారిచ్చే ఒక గేట్‌వే ఆగితే మరొకటి అందుకునేలా చేసే హెచ్‌ఎస్‌ఆర్‌పీ, బ్లాకులోని సబ్‌నెట్లన్నిటినీ (చిన్న అడ్రస్ భాగాలను) 10.20.0.0/16 వంటి ఒకే రూట్‌గా కుదించి పైకి పంపే సమ్మరైజేషన్, ఇవన్నీ డిస్ట్రిబ్యూషన్ పనులే. ఈ కుదింపు వల్ల ఒక ల్యాబ్ సబ్‌నెట్ పడిపోయినా ఆ మార్పు కోర్‌ను కదిలించదు. కోర్ చేయవలసింది బ్లాకుల మధ్య ట్రాఫిక్‌ను వేగంగా, ఆగకుండా చేరవేయడం మాత్రమే. అక్కడ ఏసీఎల్‌లు పేర్చితే ఒక్క లైను తప్పినా కళాశాల మొత్తం ఆగిపోయే ప్రమాదం ఉంది.

కోర్ అవసరాన్ని లెక్కతో చూపడం నాకు ఎంతో నచ్చింది. బ్లాకులను నేరుగా ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోతే నాలుగింటికి 6 దారులు, ఐదింటికి 10, ఆరింటికి 15 కావాలి. కోర్ ఉంటే కొత్త బ్లాకును దానికి కలిపితే చాలు.

లోటు కూడా చెప్పాలి. మన ప్రాంతంలో ఒకే భవనంలో నడిచే ఆసుపత్రులు, కార్యాలయాలు ఎన్నో ఉన్నాయి. వాటికి రెండు లేయర్ల పనినీ ఒకే జత స్విచ్‌లతో చేయించే కొలాప్స్‌డ్ కోర్ సాధారణంగా సరిపోతుంది. ఇంత ముఖ్యమైన అంశాన్ని చివరి తరగతిలో హడావుడిగా ముగించారు. అభ్యాసమంతా ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్‌లోనే సాగింది. రౌటింగ్ కూడా చేయగల లేయర్ 3 స్విచ్‌లు నిజమైనవి ఒక జతైనా ఉండవలసింది.

సబ్‌నెటింగ్, ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ ప్రోటోకాల్ ముందే వచ్చినవారికి ఈ కోర్సును నిస్సంకోచంగా సూచిస్తాను. అవి రానివారు ముందు ప్రాథమిక కోర్సు చేసి రావడం మంచిది.